లైకులు లెక్కపెడితే ఫోటో చూసినట్టా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయిపోయాక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్ కెమెరా కొనుక్కున్నా. ఆదివారం వస్తే దాన్ని మెడకు తగిలించుకుని తిరగడమే నా పని. మొన్న బతుకమ్మ పండుగకు మా దగ్గరి యువజన సంఘం వాళ్లు 'మన ఊరు' అని ఫోటో పోటీ పెట్టారు. మొత్తం 46 ఫోటోలు వచ్చాయి. ఐదు రోజుల్లో ఎవరి ఫోటోకు ఎక్కువ లైకులు వస్తే వాళ్లకే మొదటి బహుమతి, 5 వేల రూపాయలు. నేను బత్తాయి తోటలో కాయలు ఏరుతున్న నలుగురు ఆడవాళ్ల ఫోటో పంపాను. ప్రింట్లు తెచ్చి ఇస్తానని వాళ్లకు మాటిచ్చాను, ఇంకా ఇవ్వలేదు. నాలుగో రోజు రాత్రి వరకు 212 లైకులతో నాదే ముందుంది. నేను కూడా కాలేజీ గ్రూపుల్లో లింకు పెట్టి అడిగాను, అబద్ధం చెప్పను. తెల్లారి లేచి చూస్తే బతుకమ్మ పట్టుకున్న చిన్న పాప ఫోటోకు 930. ఆ ముందు రాత్రి దానికి 140 కూడా లేవు. ఆ పాప ఫోటో తీసినతని అక్క కూతురే. అందరూ అతన్ని పొగుడుతుంటే కెమెరా అమ్మేద్దామనిపించింది. పోటీ పెట్టినవాళ్లను నిలదీయాలా? ఇంకో మాట, వచ్చే ఏడాది కమిటీలో ఉండమని వాళ్లే నన్ను అడుగుతున్నారు. ఉంటే, జనం ఓట్లు మొత్తానికే తీసేయమని చెబుదామనుకుంటున్నా. మీరేమంటారు?

సమాధానం:

తమ్ముడూ, కెమెరా అమ్మకు. ఆ మాట ముందు చెప్పి మిగతాది తీరిగ్గా మాట్లాడతాను.

నువ్వు పంపిన బత్తాయి తోట ఫోటోను మూడుసార్లు చూశాను. మొదటిసారి ఫోన్‌లో చూస్తే చెట్టు కింద నలుగురు కూర్చున్నారని తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కాయల మీద పడింది. ఎడమ పక్కన కూర్చున్న ఆమె ఒక కాయను కొంగుతో తుడుస్తూ పక్కామెతో ఏదో అంటోంది, ఆ మాటకు మూడో ఆమె నవ్వు ఆపుకుంటోంది. ఆ నవ్వు ఫోన్‌లో నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్లు మహబూబ్‌నగర్‌లో స్టూడియో నడిపిన నాకే కనిపించనిది, బస్సులో నిలబడి బొటనవేలితో పైకి తోసుకుంటూ పోయే మనిషికి ఎలా కనిపిస్తుంది? నీ పోటీలో అసలు లోపం అక్కడ మొదలైంది. అవతలి అబ్బాయి బంధువుల సంగతి ఆ తర్వాతిది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీకొచ్చిన 212 లైకుల్లో మిగిలిన 45 ఫోటోలు చూసి నీదే బాగుందని కొట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు? నీ కాలేజీ స్నేహితులు నీ పేరు చూసి కొట్టారు. అతని మేనమామలు, చిన్నమ్మలు, వాళ్ల ఆఫీసులవాళ్లు పాప మొహం చూసి కొట్టారు. నీ వెనక రెండు వందల మంది ఉన్నారు, అతని వెనక తొమ్మిది వందల మంది ఉన్నారు. ఆ పోటీ కొలిచింది అదే. ఫోటోలను అది ముట్టుకోనే లేదు. కాబట్టి నీ ఫోటో ఓడిపోయిందని నేను ఒప్పుకోను. అయితే 212 దగ్గర అది గెలుస్తోందన్న మాట కూడా ఒప్పుకోలేను.

ఇక ఒక్క రాత్రిలో వచ్చిన ఎనిమిది వందల లైకులు. డబ్బులు తీసుకుని లైకులు కొట్టించేవాళ్లు ఉన్నారు, అది నిజమే. కానీ గల్ఫ్‌లో పనిచేసే మేనమామ ఒకాయన రాత్రి డ్యూటీ దిగి, వెయ్యి మంది ఉన్న గ్రూపులో 'మన పాపకు ఒక లైక్ కొట్టండి' అని పెట్టినా లెక్క అలాగే ఎగురుతుంది. బయట నిలబడి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. కాబట్టి అతన్ని దొంగ అనకు. ఊళ్లో ఒకసారి ఆ మాట నోరు జారితే పదేళ్లు తిరుగుతుంది. చుట్టాలను లైకులు అడగడం నియమం ఒప్పుకున్న పనే, నువ్వు చేసింది కూడా అదే పని. సంఘం వాళ్లను నిలదీయడం కాదు, కూర్చుని అడుగు: లైకు కొట్టినవాళ్ల జాబితా ఎవరైనా ఒకసారి తిరగేశారా? ఫోటో లేని, స్నేహితులు లేని ఖాతాలు ఎన్ని ఉన్నాయో చూశారా? చూడకపోతే వచ్చే ఏడాది ఎవరు చూస్తారు? ఇచ్చిన బహుమతి వెనక్కి తీసుకోమని మాత్రం అడగకు. ఆట అయిపోయాక గీత జరపడం కూడా అన్యాయమే.

జనం ఓట్లు మొత్తానికే తీసేద్దామన్నావు చూడు, ఆ మాట దగ్గర మాత్రం నేను గట్టిగా అడ్డం పడతాను.

2018లో మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన సంగతి నువ్వు వినే ఉంటావు. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకునే మర్రి అది, మూడెకరాల దాకా పరుచుకుంది. అప్పట్లో చూడ్డానికి వచ్చేవాళ్లను లోపలికి రానివ్వలేదు. మాకు తెలిసిన ఒక కుర్రాడు కంచె బయట నిలబడి, వేలాడుతున్న సీసాలు కనిపించేలా ఒక ఫోటో తీశాడు. ఆ మరుసటి ఏడాది మేం నలుగురం కలిసి ఒక బడి వరండాలో దండెం కట్టి, బట్టల క్లిప్పులతో ముప్పై ఫోటోలు వేలాడదీశాం. ఆ ఫోటో చూసి నేను పెదవి విరిచాను. ఫ్రేమ్ ఒక పక్కకు ఒరిగింది, ఆకాశం తెల్లగా పోయింది. నాకు సోమశిల దగ్గర కృష్ణ మీద పొద్దు గుంకుతున్న ఫోటో నచ్చింది.

సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చి ఆ సీసాల ఫోటో ముందు ఆగిపోయింది. 'గీ చెట్టు కింద మేం సద్ది తిన్నం బిడ్డా. దీనికి గూడ సూదిమందు ఎక్కియ్యవట్టిరా?' అని దాన్ని వేలితో తడిమింది. ఆమె వెనక వచ్చినవాళ్లూ అక్కడే ఆగారు. చూసినవాళ్లు ఓటేసిన చీటీలు లెక్కపెడితే అదే మొదటిది. నేను మెచ్చిన పొద్దుగూకే ఫోటో ఆరో స్థానంలో ఉంది. అంత అందమైన సాయంత్రాలు అక్కడివాళ్లు రోజూ చూస్తారు. సెలైన్ ఎక్కుతున్న చెట్టును ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నా కంటే వాళ్లే బాగా చూశారని ఇప్పటికీ అనుకుంటాను. వాళ్లు దండెం ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, అన్నీ చూసి, ఆ తర్వాత ఓటేశారు. నీ పోటీకీ దానికీ తేడా అంతే, కానీ అదే అసలు తేడా. జనానికి చూపు లేక కాదు తమ్ముడూ, మీరు వాళ్లకు చూసే వీలు ఇవ్వలేదు.

జడ్జీలుంటే అంతా సవ్యంగా ఉంటుందని కూడా అనుకోకు. ఒక విషయం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల కింద ఒక కాలేజీ పోటీలో నేను ముగ్గురు జడ్జీల్లో ఒకణ్ని. పేర్లు తీసేసి తెర మీద ఫోటోలు చూపించారు. ఒక ఫోటో రాగానే అది నా స్టూడియోలో పని నేర్చుకున్న పిల్లాడిదని గుర్తుపట్టాను. అది తీసిన రోజు కోయిలకొండ కోట మెట్ల మీద వాడి పక్కనే ఉన్నాను మరి. ఏడు మార్కుల ఫోటో అది, నేను తొమ్మిది వేశాను. వాడికి రెండో బహుమతి వచ్చింది, ఒక్క మార్కు తేడాతో. ఆ మార్కుతో వెనకబడింది ఒక ఆడపిల్ల. ఫలితం చెప్పగానే కెమెరా సంచి భుజాన వేసుకుని ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు, క్షమాపణ ఎవరికి చెప్పాలో తెలియదు. అప్పటి నుంచి తెలిసినవాళ్ల ఫోటో తెర మీదకు వస్తే, ఇది ఫలానావాళ్లది, నేను మార్కు వేయను అని పైకే చెబుతున్నాను. పేరు దాచడం మంచి పద్ధతే, సెలూన్లని పిలిచే పెద్ద ఫోటో పోటీల్లో జడ్జీలకు ఎవరి ఫోటోనో చెప్పరు. కానీ చిన్న ఊళ్లలో పేరు దాచినా చెయ్యి దాగదు, ఎవరు ఎక్కడ తిరిగి ఫోటోలు తీస్తారో అందరికీ తెలుసు.

పెద్ద జడ్జీలకూ పొరపాట్లు తప్పవు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్' పోటీలో 2009లో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫోటోకు మొదటి బహుమతి ఇచ్చారు. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉంటుందని తేల్చి 2010లో దాన్ని రద్దు చేశారు. అయితే ఆ పోటీలో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. జడ్జీల బహుమతి వేరు, జనం మెచ్చిన ఫోటోకు బహుమతి వేరు. జనం ముందుకు వచ్చే ఫోటోలను ముందు మ్యూజియం వాళ్లు ఏరి పెడతారు, వాటిలోంచి జనం ఎంచుకుంటారు. ఎవరి గౌరవం వాళ్లది. మీరూ రెండు బహుమతులు పెట్టండి, ఉన్న డబ్బును చెరిసగం చేసినా సరే. రెండు లెక్కలు కలిపి ఒకే విజేతను తేల్చాలని చూస్తే, ఏ లెక్కకు ఎంత విలువ అన్న దగ్గరే కొత్త తగాదా మొదలవుతుంది.

ఓట్లలో చుట్టరికం మన పల్లెల రోగమని కూడా అనుకోకు. యూరప్ దేశాల మధ్య యూరోవిజన్ అని ఒక పాటల పోటీ జరుగుతుంది. అందులో ఎవరూ సొంత దేశానికి ఓటేయకూడదు. అయినా ఇరుగుపొరుగు దేశాలు ఒకరికొకరు వేసుకుంటున్నారని గొడవ ముదిరి, 2009 ఫైనల్ నుంచి జనం ఓట్లకు సగం బలమే ఉంచి, మిగతా సగం జ్యూరీలకు, అంటే సంగీతం తెలిసిన జడ్జీల బృందాలకు ఇచ్చారు. చుట్టరికం ఎక్కడైనా చుట్టరికమే. దాన్ని తుడిచేయలేం, దాని బరువు తగ్గించగలం.

ఎలాగంటావా? ఫోటోలు ప్రింట్ వేయించండి. 46 ఫోటోలైతే అన్నీ వేయించొచ్చు, మూడు నాలుగు వందలు వస్తే జడ్జీలు ముందుగా నలభై ఏరాలి. అన్నీ ఒకే సైజు. కింద పేరు వద్దు, నంబరు చాలు. బడిలోనో పంచాయతీ ఆఫీసు వరండాలోనో, వెలుతురు సమంగా పడే చోట కంటి ఎత్తున కట్టండి. పిల్లలకు, కుర్చీలో వచ్చే పెద్దలకు అందేలా కొన్ని కాదు, వరస అంతా కాస్త కిందికే ఉండనివ్వండి. గుమ్మం పక్కనున్న ఫోటోను అందరూ చూస్తారు, మూలనున్న దాన్ని సగం మంది చూస్తారు. అందుకే మధ్యాహ్నం ఒకసారి వరస మార్చాలి. చీటీ లోపలికి వచ్చేటప్పుడు ఇవ్వకండి. అన్నీ దాటుకుని చివరకు వచ్చినవాళ్ల చేతికే ఇవ్వండి. నన్నడిగితే ఈ ఒక్క పని చేసినా నీ పోటీ సగం బాగుపడుతుంది.

చీటీ మీద ఒక నంబరు కాదు, మూడు నంబర్లు రాయమనండి. మొదటిదానికి 3 మార్కులు, రెండోదానికి 2, మూడోదానికి 1. నేను దీని మీద ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. మనిషి మొదటి ఓటు బంధుత్వానికి వేస్తాడు. వేయనీ, మేనకోడలి ఫోటోకు వేయక ఎవరికి వేస్తాడు? కానీ రెండో నంబరు, మూడో నంబరు రాయాలంటే వెనక్కి తిరిగి మళ్లీ చూడాల్సిందే. ఒక లెక్క వేసి చూడు. 300 మంది వచ్చారనుకో. పాప ఫోటోకు బంధువులు 60 మంది మొదటి ఓటు వేశారు, మిగతావాళ్లెవరూ పట్టించుకోలేదు. అంటే 180 మార్కులు. నీ బత్తాయి ఫోటోకు మొదటి ఓట్లు 30 వచ్చాయి, రెండోవి 70, మూడోవి 50. అది 90, 140, 50 కలిపి 280. ఒకే ఓటు పద్ధతిలో 60కి 30తో నువ్వు ఓడిపోయేవాడివి. అలాగని పాప ఫోటో నిజంగా అందరి మనసు దోచితే దానికీ రెండో, మూడో ఓట్లు వచ్చి అదే గెలుస్తుంది. గెలవాలి కూడా. చిన్నపిల్లల ఫోటోలంటే తక్కువ చూపు చూడకు, మంచి ఫోటో అందులోనూ ఉంటుంది.

మూడు నంబర్లు లేని చీటీ చెల్లదని బోర్డు మీద ముందే రాసి పెట్టండి. లేకపోతే ఒక్కటే రాసి పోతారు. కావాలని అన్నిటికంటే పనికిరాని ఫోటోల నంబర్లు రాసేవాళ్లూ ఒకరిద్దరు ఉంటారు. అది ఆపలేరు. కానీ దండెం ముందు పది నిమిషాలు నడిచాక చాలామందికి ఆ బుద్ధి పుట్టదు, అది నేను చూశాను. మూడు ఓట్లతో ఇంకో మేలు కూడా ఉంది. నాగార్జునసాగర్‌లో 26 గేట్లు ఉన్నాయి. వరదకు వాటిని ఎత్తితే మీ వైపు కెమెరా ఉన్నవాళ్లంతా అక్కడే ఉంటారు. పోటీకి సాగర్ ఫోటోలు నాలుగు వచ్చాయంటే, ఒకే ఓటు పద్ధతిలో సాగర్‌ను ఇష్టపడేవాళ్ల ఓట్లు నాలుగు ముక్కలై, నాలుగూ మునుగుతాయి. మూడు నంబర్లు రాసే వీలుంటే అంత నష్టం ఉండదు.

హైదరాబాద్‌లో, దుబాయ్‌లో ఉన్నవాళ్లు మేమూ ఓటేస్తామంటారు. వాళ్లకు లింకు పెట్టండి, కానీ లైకులతో కాదు. ఒక ఫోన్ నంబరుకు ఒక ఓటు, ఓటీపీతో. తెరిచిన ప్రతిసారీ ఫోటోల వరస మారాలి. పోటీ అయ్యాక ఆ ఫోన్ నంబర్లు చెరిపేయాలి, దాచుకోవడానికి అవి మీ సొత్తు కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరికి ఎన్ని వచ్చాయన్నది చివరిదాకా కనిపించకూడదు.

ఇది ఎందుకంటున్నానో చెబుతాను. అమెరికాలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 14 వేల మందికి పైగా మనుషులతో ఒక ప్రయోగం చేసి 2006లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఎవరికీ తెలియని బృందాలు పాడిన 48 పాటలు పెట్టి, వినండి, నచ్చింది డౌన్‌లోడ్ చేసుకోండి అన్నారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, ఏ పాటను తమ గుంపులో ఎంతమంది తీసుకున్నారో కూడా చూపించారు. లెక్క కనిపించిన చోట గెలిచిన పాటలు మరీ ఎక్కువగా గెలిచాయి. పైగా ఒక గుంపులో పైకి లేచిన పాట ఇంకో గుంపులో కింద పడింది. చాలా మంచి పాట అట్టడుగుకు పోవడం, చాలా చెత్త పాట పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్న పాటలకు మాత్రం ఏదైనా జరగొచ్చు. మన పోటీల్లో ఫోటోలు ఎక్కువ భాగం ఆ మధ్య రకమే కదా. మొదటి రోజు పది లైకులు ఎవరికి ముందుగా పడితే ఆ వైపే మంద కదులుతుంది. నువ్వు నాలుగు రోజులు ముందున్నావు చూడు, అందులోనూ కొంత ఈ గాలివాటం ఉంది.

లెక్కింపు అందరి ముందు జరగాలి. సర్పంచి ఎన్నికల్లో మధ్యాహ్నానికి పోలింగ్ ముగించి, ఆ రోజే అక్కడే ఏజెంట్ల ముందు చీటీలు విప్పుతారు. ఓడినవాడు కూడా లెక్క చూశాక ఇంటికి పోయి పడుకుంటాడు. ఫోటోలు పంపినవాళ్లలో ఎవరు వస్తే వాళ్లను డబ్బా పక్కన కూర్చోబెట్టండి. కమిటీలో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఫోటోలు పంపకూడదు. అంటే వచ్చే ఏడాది నువ్వు పంపడానికి లేదు. ఆలోచించుకో. పోటీలో ఉంటావా, పోటీ నడుపుతావా? నేనైతే ఒక్క ఏడాది నడపమంటాను. ఓడిన బాధ ఇంకా పచ్చిగా ఉన్నవాడికే ఎక్కడ ముల్లు ఉందో బాగా తెలుస్తుంది. నలభై ఆరు మందీ అదే బాధ పడకుండా చూడగలవు.

చిన్నపిల్లల ఫోటోలు వస్తే అమ్మానాన్నల అనుమతి కాగితం తీసుకోండి. ఆ పాప మొహం ఎవరెవరి ఫోన్లలో తిరుగుతోందో వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. అది నాకు బహుమతి గొడవ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

నల్లగొండ వెళ్లినప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా చెదరకుండా నిలిచే నీడను ఫోటో తీసి, ఫోన్‌లో ఒకసారి, ప్రింటు మీద ఒకసారి చూడు. ఫోన్‌లో అది నల్లటి గోడ. ప్రింటు మీద చూస్తే నీడ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి సంఘం వాళ్లకు చూపించు. ప్రింటుకు డబ్బులెందుకని అడిగినవాళ్లకు నీ మాట కంటే అదే బాగా చెబుతుంది.

పాప ఫోటో తీసిన అబ్బాయిని కూడా కమిటీలోకి పిలువు. అతనికి ఆ 930లో ఎంతమంది ఫోటో గురించి ఒక్క మాటైనా అన్నారో అడుగు. అతనూ నీలాగే ఆ మాట కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.

ఈ ఆదివారం ల్యాబ్‌కు వెళ్లి బత్తాయి తోట ఫోటో నాలుగు ప్రింట్లు వేయించు. మాటిచ్చి ఇంకా ఇవ్వలేదని నువ్వే రాశావు. కాయల సీజను అయిపోతే ఆ నలుగురూ వేరే పనులకు వెళ్లిపోతారు, మళ్లీ ఒక్కచోట దొరకరు. ప్రింటు చేతికిచ్చినప్పుడు నవ్వు ఆపుకుంటున్న ఆమెను అడుగు, ఆ రోజు పక్కామె ఏమందో. నాకు రాసి పంపు.